ముందు పళ్ళు వరసకొచ్చేశాయి, బైట్ (పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు) కోసం ఇంకా క్లిప్పులు ఉంచుకోవాలా?

కుందలహళ్ళి గేటు
శనివారం రాత్రి 11:12

అందరికీ నమస్తే. ఇక్కడ ఇంటి అద్దెల గొడవలు, స్కూలు ఫీజుల గొడవలు చదవడమే గానీ పోస్టు పెట్టడం ఇదే మొదటిసారి. వయసు 27, ఊరు ఒంగోలు, ఉద్యోగం బెంగళూరు మారతహళ్ళిలో. చిన్నప్పటి నుంచీ పై పళ్ళు ఎత్తు, కిందవి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండేవి. నిరుడు సంక్రాంతి అయ్యాక సెరామిక్ క్లిప్పులు వేయించుకున్నా. పళ్ళేవీ పీకలేదు. ఇప్పుడు ముందు పళ్ళు చక్కగా వరసలోకి వచ్చేశాయి. ఫోటో అనగానే పెదాలు బిగించే అలవాటు కూడా పోయింది.

ఇక తీసేస్తారేమో అని వెళ్తే డాక్టరుగారు అసలు పని ఇప్పుడే ఉందన్నారు. డీప్ బైట్, అంటే పై పళ్ళు కింది పళ్ళని మరీ లోతుగా కప్పేయడం, పూర్తిగా తగ్గలేదట. పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య ఇంకా 5 మి.మీ. ఎడం ఉందట. దవడ పళ్ళు ఒకదాంట్లో ఒకటి కూర్చోవట్లేదట. రబ్బర్లు వేయాలి, ఇంకో 8 నుంచి 10 నెలలు పడుతుంది అన్నారు. కింది క్లిప్పులు వేసినప్పటి నుంచీ వెనక పళ్ళ మీద రెండు నీలం సిమెంటు ముద్దలున్నాయి, పై పళ్ళు కింది క్లిప్పులకి తగలకుండా పెట్టినవి. నోరు మూస్తే అవి రెండే తగులుతాయి. చపాతీ ముక్క నోట్లో పెట్టుకుంటే నలగదు, అటూ ఇటూ దొర్లి దొర్లి చివరికి అలాగే గొంతులోకి దిగుతుంది. పెరుగన్నం, ఉప్మా, ఇడ్లీ. ఇదీ నా జీవితం.

ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. "పళ్ళు శుభ్రంగా వచ్చేశాయి కదే, ఇంకా ఆ తీగలెందుకు, ఫోటోలు తీయించాలి" అని అమ్మ రోజూ ఫోను. నాకూ అదే అనిపిస్తోంది. ఇన్నేళ్ళూ ఈ నోటితోనే అన్నీ తిన్నాను. బైట్ అంత అవసరమా, డాక్టర్లు పుస్తకంలో బొమ్మలా రావాలని పట్టుబడతారా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

అనంతపురం ఎక్స్‌ప్రెస్
శనివారం రాత్రి 11:40

అక్కా, తీసేయించుకో. నేను ముందు 6 పళ్ళకే అలైనర్లు, అంటే తీసి పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగులు, పెట్టించుకున్నా. ఆరు నెలలు కూడా పట్టలే. బైట్ జోలికే పోలేదు మా డాక్టరు. మటన్ బొక్క ఇప్పటికీ కొరుకుతాండా. మనకేం అమెరికా వాళ్ళ మాదిరి నవ్వు పోటీలుండాయా?

నిజాంపేట టు నాగవార
ఆదివారం అర్ధరాత్రి 12:20

బ్రో, గట్ల అందరికీ చెప్పకు. నేను కొంచెం చదివిన దీని గురించి. బైట్ సక్కగ లేకుంటే దవడ కీలు ఖరాబైతది, తలనొప్పి, మెడనొప్పి, నిద్ర పట్టకపోవడం అన్నీ దాంతోనే వస్తయి. ఇంకో సంగతి, ఇంటికి డబ్బాలో పంపే అలైనర్లతోని మస్తు జాగ్రత్త. అమెరికాల స్మైల్ డైరెక్ట్ క్లబ్ అనే అసుంటి కంపెనీ 2023 డిసెంబర్‌ల మూతబడ్డది, సగం ట్రీట్‌మెంట్‌ల ఉన్నోళ్ళు గట్లనే మిగిలిపోయిన్రు. ముందు పళ్ళు మాత్రమే సక్కగ చేసుడు ఫొటో కోసం చేసుడే.

వైరు బెండింగ్
ఆదివారం ఉదయం 7:05

ఆర్థోడాంటిస్టుని, అంటే క్లిప్పుల డాక్టరుని, జయనగర్ వైపు ప్రాక్టీసు. నోరు చూడకుండా ఇంకో డాక్టరు ప్లాను మీద తీర్పు చెప్పను. ముందు పళ్ళు ముందే ఎందుకు బాగైపోతాయో మాత్రం చెప్తాను. మా క్లినిక్కుల్లో సగం అలకలు అక్కడే మొదలవుతాయి.

మొదట్లో వేసేది సన్నటి గుండ్రటి నికెల్ టైటానియం తీగ. ఎలా వంచి కట్టినా మళ్ళీ తన ఆకారానికి రావాలని చూస్తుంది, వస్తూ వస్తూ పళ్ళని వెంట తెచ్చేస్తుంది. వంకరలు పోయేది దీంతోనే. అయితే గుండ్రటి తీగకి పట్టు దొరికేది పన్ను పైభాగం మీదే. ఎముకలో ఉన్న వేరు ఎటు వాలి ఉందో దానికి పట్టదు. తర్వాత వేసే నలుచదరపు స్టీలు తీగ బ్రాకెట్ (పంటికి అతికించే చిన్న ముక్క) గాడిలో నిండుగా కూర్చుంటుంది, అందుకే వేరుని కూడా తిప్పగలదు. ఎత్తు తగ్గించడం, లోతు తగ్గించడం, రబ్బర్లతో పై వరసనీ కింది వరసనీ కలపడం, అన్నీ ఆ గట్టి తీగ మీద జరిగే పనులు. ఈ రెండో భాగంలో అద్దంలో కొత్తగా కనిపించేది దాదాపు ఏమీ ఉండదు. పేషెంట్లకి విసుగొచ్చేది అప్పుడే.

లెక్కకొస్తే, పై ముందు పళ్ళు కింది వాటికి 2, 3 మి.మీ. ముందు ఉండాలి. కింది పంటి ఎత్తులో సుమారు మూడో వంతు కప్పాలి, లోతు అనేది ఈ కప్పే కొలతనే. 5 మి.మీ. అనేది ప్రాణం మీదికొచ్చే సంగతి కాదు. నాకు లోతు గురించే అనుమానం. కుందలహళ్ళి గారూ, ఆ నీలం ముద్దలు పెట్టకముందు గట్టిగా పళ్ళు మూస్తే కింది ముందు పళ్ళు ఎక్కడ తగిలేవి?

నాగవార గారికి ఒక మాట. బైట్ తేడా వల్లే దవడ కీలు నొప్పి వస్తుందనీ, క్లిప్పులు వేస్తే తగ్గుతుందనీ పరిశోధనల్లో తేలలేదు. క్లిప్పుల వల్ల ఆ నొప్పి వస్తుందనీ తేలలేదు. తలనొప్పి పేరు చెప్పి క్లిప్పులు అమ్మేవాళ్ళున్నారు, అందుకే చెప్తున్నా. డబ్బా అలైనర్ల గురించి మీరన్నది నిజం.

కుందలహళ్ళి గేటు
ఆదివారం ఉదయం 9:31

డాక్టరు గారూ, థాంక్సండీ. పళ్ళకి తగిలేవి కావు. పై పళ్ళ వెనక అంగిట్లో తగిలేవి. నాలుకతో తడిమితే అక్కడ చిన్న చిన్న గుంటలు తెలిసేవి. వేడి సాంబారు తాగితే ఆ చోటే చుర్రుమనేది. అందరికీ అలాగే ఉంటుందనుకున్నా.

వైరు బెండింగ్
ఆదివారం ఉదయం 10:02

అందరికీ ఉండదండీ. కింది పళ్ళు అంగిట్లో దిగుతున్నాయంటే ఏళ్ళు గడిచేకొద్దీ పై పళ్ళ వెనక చిగురు దెబ్బతింటుంది. మీరింకా చిన్నవారు గనక మండటంతో సరిపోయింది.

మీరు అడిగిన అందం సంగతే చూద్దాం. ఇప్పుడు తీసేశాం అనుకోండి. పై వరస కదలకుండా పళ్ళ వెనక సన్నటి తీగ అతికిస్తాం, పర్మనెంట్ రిటైనర్ అంటారు. మీ లోతు సగమే తగ్గింది గనక, కింది పళ్ళు వచ్చి కొట్టుకునేది సరిగ్గా ఆ తీగ అతికించే చోటనే. నమిలిన ప్రతిసారీ దెబ్బ. అతుకు ఊడుతుంది, మళ్ళీ వేస్తాం, మళ్ళీ ఊడుతుంది. తీగ లేనప్పుడు ఆ కింది పళ్ళే పై పళ్ళని వెనకనుంచి ముందుకి తోస్తాయి. సందులు తెరుచుకుంటాయి, ఎత్తు తిరిగొస్తుంది. మీకు నచ్చిన ఆ వరస నిలబడాలంటే కింది పళ్ళు దాన్ని తన్నకూడదు. మీ డాక్టరుగారు ఎందుకు ఆపట్లేదో నాకు అర్థమవుతోంది.

ఇది మీలాంటి లోతైన బైట్ గురించి చెప్పిన మాట. అనంతపురం తమ్ముడిది అబద్ధం అనను. వెనక పళ్ళు కుదురుగా ఉండి, లోతు మామూలుగా ఉండి, ముందు రెండు మూడు వంకరలే ఉంటే ముందు పళ్ళ వరకే చేయడం సబబైన వైద్యమే. బాగా నమిలే బైట్‌ని పని గట్టుకుని కదిలించడమెందుకు?

అనంతపురం ఎక్స్‌ప్రెస్
ఆదివారం ఉదయం 10:15

చూసినావా నాగవార అన్నా, నాది సబబైన వైద్యమంట. డాక్టరే చెప్పినాడు.

నిజాంపేట టు నాగవార
ఆదివారం ఉదయం 10:17

నీ రిటైనర్, గదే పళ్ళు మళ్ళ జరగకుండ పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగు, ఏడున్నదో చెప్పు ముందు.

అనంతపురం ఎక్స్‌ప్రెస్
ఆదివారం ఉదయం 10:18

ఉండాది లే. బీరువాలో.

లాల్‌బాగ్ గులాబీ
ఆదివారం మధ్యాహ్నం 1:45

కుందలహళ్ళి అమ్మాయ్, నేను అవతలి పక్క చెప్తాను. నాదీ డీప్ బైటే, నెల్లూరు నుంచి వచ్చిన కొత్తలో ఇక్కడే ఒక చోట చేయించుకున్నా. బైట్ బ్రహ్మాండంగా కుదిరింది. చెరుకు ముక్క పెట్టినా చీల్చేస్తాను. కానీ లోతు తగ్గించడానికి పై ముందు పళ్ళని పైకి లాగేశారు. ఇదివరకు మాట్లాడుతుంటే పళ్ళ అంచులు కనపడేవి, ఇప్పుడు గట్టిగా నవ్వితే తప్ప కనపడవు. పళ్ళు వరసగా ఉన్నాయి, నవ్వు మాత్రం పెద్దావిడ నవ్వులా అయింది. మా అక్క పెట్టుడు పళ్ళా అని అడిగింది, చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ ఆ రోజు నవ్వు రాలేదు. అడిగితే రిపోర్టు చూపించి కొలతలన్నీ కరెక్టుగా ఉన్నాయన్నారు. కాబట్టి డాక్టరు బైట్ అనగానే సరే అనేయకు. ఎలా చేస్తారో అడుగు.

వైరు బెండింగ్
ఆదివారం సాయంత్రం 6:20

గులాబీ గారి పోస్టు అందరూ చదవాలి. మా వాళ్ళకి కొంచెం గుచ్చుకుంటుంది, ఫర్వాలేదు.

డీప్ బైట్ తగ్గించడానికి దారులు మూడు. పై ముందు పళ్ళని పైకి తీసుకెళ్ళడం, కింది ముందు పళ్ళని కిందికి దించడం, వెనక దవడ పళ్ళని కాస్త పైకి రానివ్వడం. మూడింటిలో ఏది చేసినా మిల్లీమీటర్ల లెక్కలో బైట్ ఒకేలా సరిపోతుంది. ముఖం మీద ఫలితం మాత్రం ఒకేలా ఉండదు. పెదాలు వదులుగా ఉంచినప్పుడు వయసులో ఉన్న ఆడవాళ్ళకి పై పళ్ళు సుమారు 2 నుంచి 4 మి.మీ. కనపడతాయి. వయసుతో పై పెదవి జారి అది తగ్గిపోతుంది. చిగురు ఎక్కువ కనిపించే నవ్వు ఉన్నవాళ్ళకి పై పళ్ళని పైకి లాగడం మంచిదే. ముందే తక్కువ కనిపించేవాళ్ళకి అదే పని చేస్తే పదేళ్ళు మీద పడతాయి. పై పళ్ళ అంచుల వంపు కింది పెదవి వంపుతో కలిసి నడవాలి, పళ్ళని పైకి లాగితే ఆ వంపు చదునైపోతుంది కూడా.

అందుకని మొదటి రోజు ఫోటోలు తీసేటప్పుడు నవ్వుతూ ఒకటీ, పెదాలు వదిలేసి ఒకటీ తీస్తాం. కుందలహళ్ళి గారూ, మీ డాక్టరుగారిని ఒక్క ప్రశ్న అడగండి. పైవి పైకా, కిందవి కిందికా?

పాత అచ్చు
ఆదివారం రాత్రి 8:50

అందమా, బైటా అనే ఈ తగాదా మీ అందరికంటే పాతది. నాకు పళ్ళ వైద్యం రాదు, పాత పుస్తకాల పిచ్చి మాత్రం ఉంది.

ఎడ్వర్డ్ ఏంగిల్ అనే అమెరికన్ 1899లో బైట్‌ని మూడు క్లాసులుగా విడగొట్టాడు. పై మొదటి దవడ పన్ను, కింది మొదటి దవడ పన్ను ఎలా కలుస్తాయన్నదే ఆయన కొలమానం. ఈ రోజుకీ మీ ఫైల్లో క్లాస్ టూ (కింది దవడ పన్ను ఉండాల్సిన చోటు కంటే వెనక ఉండటం) అని రాసి ఉంటే అది ఆయన చలవే. ఆయన నమ్మకం ఏమిటంటే, ఒక్క పన్ను కూడా పీకకుండా అన్నిటినీ సరైన బైట్‌లో పెడితే అందం దానంతటదే వస్తుందని. అందానికి కొలతగా అపోలో బెల్వెడేర్ అనే పాతకాలపు పాలరాతి విగ్రహాన్ని చూపించేవాడు. తర్వాత ఆయన శిష్యుడే చార్లెస్ ట్వీడ్, గురువు చెప్పినట్టు పీకకుండా చేసిన తన సొంత కేసులు చూసుకున్నాడు. చాలామందికి మూతి ముందుకొచ్చింది, పళ్ళు మళ్ళీ వంకర తిరిగాయి. వాళ్ళకే కోరపళ్ళ వెనక పక్కనే ఉండే నాలుగు ముందు దవడ పళ్ళు తీయించి మళ్ళీ చేశాడు. గురువుగారి శిష్యవర్గం ఊరుకోలేదు, ఆ గొడవ చాలా ఏళ్ళు నడిచింది. 1972లో లారెన్స్ ఆండ్రూస్ అనే ఆర్థోడాంటిస్టు క్లిప్పులెరగని 120 మంచి బైట్ల పళ్ళ అచ్చులు కొలిచి ఆరు లక్షణాలు రాశాడు. ఇప్పటి బ్రాకెట్లలో వంపులు ముందే చెక్కి ఉండటం ఆ కొలతల పుణ్యమే.

గ్రీకు దేవుడి ముక్కూ మూతీ కొలతగా పెట్టుకుంటే ఒంగోలు, తిరుపతి మొహాలు ఎందుకు సరిపోతాయి చెప్పండి. మన వైపు పెదాలు కొంచెం నిండుగా ఉండటం సహజం. తెల్లవాళ్ళ కొలతల పట్టిక చూసి ఎత్తు అని పళ్ళు పీకేసి పెదాలు లోపలికి లాగేస్తే ఆ మొహం మనది కాదు. మా చుట్టాల్లో ఒకావిడని చూశాను, పెద్దగా ఎత్తు లేని పళ్ళకి నాలుగు పీకారు.

వైరు బెండింగ్
ఆదివారం రాత్రి 9:30

చరిత్ర బాగా చెప్పారు. ఒక్క సవరణ. పీకితే మొహం లోపలికి పోతుందనేది అన్ని కేసుల్లో నిజం కాదు. ఒక్కో ముందు దవడ పన్ను వెడల్పు సుమారు 7 మి.మీ. ఇరుకు ఎక్కువున్నవాళ్ళకి ఆ జాగా అంతా వంకరలు విప్పడానికే సరిపోతుంది, పెదాలు కదలవు. మీరు చెప్పినట్టు ఇరుకూ ఎత్తూ అంతగా లేని చోట పీకితే మాత్రం పళ్ళు వెనక్కి పోతాయి, పెదవి వెంట పోతుంది.

ఇంకోటి. ఎత్తు ఎక్కువున్న పెద్దవాళ్ళకి పైన రెండు మాత్రమే తీసి ముగిస్తాం కొన్నిసార్లు. కోరపళ్ళు సరిగ్గా కుదురుతాయి, దవడ పళ్ళు మాత్రం ఏంగిల్ గారి లెక్కలో క్లాస్ టూలోనే మిగులుతాయి. పుస్తకంలో బొమ్మ కాదు, అయినా గట్టిగా నములుతారు. కుందలహళ్ళి గారు మొదట్లో అడిగారు గనక చెప్తున్నా, అందరికీ పుస్తకంలో బొమ్మ రావాలనే పట్టుదల నాకైతే లేదు.

వేళచేరి వాసి
సోమవారం ఉదయం 8:15

చెన్నై నుంచి. నాది రివర్సు కేసు, కింది దవడ ముందుకి, కింది పళ్ళు పై పళ్ళకి బయట. మా ఊళ్ళో చిన్నప్పుడు ఏమని పిలిచేవాళ్ళో రాయను. ముందు పళ్ళతో దేన్నీ కొరకలేను. దోసె అయితే చేత్తో తుంచుకోవచ్చు, జామకాయ దగ్గర దొరికిపోయేవాడిని, కత్తి అడగాల్సిందే.

దవడ ఆపరేషన్‌కి ముందు ఏడాదికి పైగా క్లిప్పులు. ఎవరూ ముందు గట్టిగా చెప్పని సంగతి ఏమిటంటే, ఆ క్లిప్పులతో మొహం ఇంకా చెడుతుంది. దవడ తేడాని కప్పిపుచ్చడానికి పళ్ళు వాటంతటవే వాలిపోయి ఉంటాయి. కిందవి లోపలికి, పైవి బయటికి. ఆపరేషన్‌లో ఎముకని సరైన చోటికి జరపాలంటే ముందు ఆ వాలు తీసేయాలి. అంటే కింది పళ్ళు ఇంకా ముందుకొస్తాయి, తేడా ఇంకా పెరుగుతుంది. ఆఫీసులో ఒకాయన నీ క్లిప్పులు పనిచేయట్లేదు, డాక్టరుని మార్చు అని సలహా ఇచ్చాడు. పని చేస్తున్నందుకే అలా ఉంది నాయనా అని ఎవరికని చెప్తాం.

ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు మెత్తటి తిండి. తర్వాత ఇంకొన్నాళ్ళు క్లిప్పులు. ఇప్పుడు జామకాయ కొరుకుతున్నా. మొహం కూడా మారింది, మా అమ్మ అద్దంలో నన్ను నాకంటే ఎక్కువ చూస్తోంది. ఆపరేషన్ వద్దని పళ్ళు మాత్రమే సర్దుకునేవాళ్ళూ ఉన్నారు, తేడా చిన్నదైతే కుదురుతుందన్నారు. నాది చిన్నది కాదు.

రాజోలు కాలవగట్టు
సోమవారం ఉదయం 11:05

అమ్మో, చదువుతుంటేనే దవడ లాగేసిందండి. మా పాపకి 8 ఏళ్ళు, హొరమావులో ఉంటామండి. దాని పళ్ళు చూడ్డానికి ముత్యాలేనండి, ఒక్క వంకర లేదు. కానీ నోరు మూసినప్పుడు గడ్డం కుడి పక్కకి జరుగుతుంది. కుడి పక్క పై దవడ పళ్ళు కింది వాటికి లోపలుంటున్నాయి. స్కూల్లో క్యాంపు పెట్టినప్పుడు చూసి క్రాస్ బైట్ అన్నారు. పాలపళ్ళు పోనివ్వండి, పెద్దయ్యాక చూద్దాం అంటారు మా అత్తగారు. చూడ్డానికి బాగున్నప్పుడు చిన్నపిల్లకి ఇప్పట్నుంచే ఇనుము ఎందుకని మా వారు.

వైరు బెండింగ్
సోమవారం మధ్యాహ్నం 2:10

రాజోలు గారూ, ఈ ఒక్క విషయంలో అత్తగారి మాట వినకండి. నోరు మూసేటప్పుడు దవడ పక్కకి జరుగుతోందంటే ఎదిగే వయసులో దవడ ఆ వంకరకే అలవాటుపడుతుంది, మొహం ఒక పక్కకి ఎదిగే ప్రమాదం ఉంది. పై దవడ మధ్యలో ఉండే అతుకు ఈ వయసులో ఇంకా గట్టిపడదు. అందుకని అంగిట్లో చిన్న స్క్రూ ఉన్న పరికరం అతికించి వెడల్పు చేస్తారు. తాళంచెవి లాంటిదానితో అమ్మే ఇంట్లో తిప్పాలి, ఒక్కో తిప్పుకి సాధారణంగా పావు మిల్లీమీటరు. కొన్నాళ్ళు ముందు పళ్ళ మధ్య సందు కనిపిస్తుంది, కంగారు పడకండి, దగ్గరికొస్తుంది. టీనేజి దాటాక అతుకు గట్టిపడిపోతే ఇదే పని చాలా కష్టం. ఆర్థో డాక్టరుకి ఒకసారి 7 ఏళ్ళప్పుడే చూపించమనేది ఇలాంటివి దొరుకుతాయనే. చూపించినంత మాత్రాన క్లిప్పులు వేసేయరు.

రాజోలు కాలవగట్టు
సోమవారం మధ్యాహ్నం 2:40

ఈ పోస్టు మా ఇంటి గ్రూపులో పెట్టేశానండి. తుఫాను మొదలైంది.

అనంతపురం ఎక్స్‌ప్రెస్
సోమవారం రాత్రి 9:00

డాక్టర్ సార్, డబ్బు సంగతి ఎవరూ మాట్లాడలేదు. మా చెల్లెలికి కూడా వేయించాల. ఇన్సూరెన్సు పళ్ళకి రాదంటాండారు.

లాల్‌బాగ్ గులాబీ
సోమవారం రాత్రి 9:25

మామూలు పాలసీల్లో క్లిప్పులకి ఇవ్వరు తమ్ముడూ. కే.ఆర్. మార్కెట్ మెట్రో దిగితే విక్టోరియా ఆసుపత్రి ప్రాంగణంలోనే గవర్నమెంటు డెంటల్ కాలేజీ ఉంది. మా పనమ్మాయి కూతురికి అక్కడే వేయించాను. ఖర్చు బయటికంటే చాలా తక్కువ. పీజీ విద్యార్థులు చేస్తారు, పైన ప్రొఫెసర్లు చూస్తారు. ఆ పీజీ చదువు, ఎం.డి.ఎస్., మూడేళ్ళు గనక మధ్యలో ఒకరి చదువు అయిపోతే కేసు ఇంకొకరి చేతికి పోతుంది, అది ముందే అడిగి పెట్టుకో. క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్ళాలి. పుస్తకంలో బొమ్మ కావాలంటే అక్కడికే వెళ్ళాలి మరి, పిల్లలకి పరీక్షలో ఆ కేసే చూపించుకోవాలి కదా.

నిజాంపేట టు నాగవార
సోమవారం రాత్రి 9:50

మంచి సమాచారం అక్కా. అక్కడికి పోకున్నా సరే, చేసేటాయన ఆర్థోల ఎం.డి.ఎస్. చేసిండా లేదా అడుగుర్రి. పళ్ళ డాక్టర్ల మామూలు డిగ్రీ బి.డి.ఎస్. తోనే అలైనర్లు అమ్మేటోళ్ళు గల్లీకొకరున్నరు.

కుందలహళ్ళి గేటు
తర్వాతి శనివారం, సాయంత్రం 7:45

అప్‌డేట్. ఇవాళ వెళ్ళొచ్చాను. ఈసారి ప్రశ్నలు కాగితం మీద రాసుకుని మరీ వెళ్ళా.

డాక్టరుగారు ఏమీ అనుకోలేదు సరికదా కూర్చోబెట్టి చూపించారు. నీలం ముద్దల మీద కాస్త అరగదీసి, సిరా పూసినట్టుండే పల్చటి కాగితం పళ్ళ మధ్య పెట్టి కొరకమన్నారు. తర్వాత చిన్న అద్దం పెట్టి చూపిస్తే మొత్తం నోట్లో మచ్చలు పడింది ఆ రెండు ముద్దల మీదే. మిగతా పళ్ళన్నీ తెల్లగా ఉన్నాయి. స్కాన్ చేసి కంప్యూటర్లో నా పళ్ళని వెనక నుంచి, అంటే గొంతులోంచి చూసినట్టు తిప్పి చూపించారు. కింది పళ్ళ అంచులు పై పళ్ళ వెనక చిగురుకి ఎంత దగ్గరున్నాయో అప్పుడు తెలిసింది. ముందు నుంచి అంత బాగా కనిపించే పళ్ళు ఇవేనా అనిపించింది.

పైవి పైకా, కిందవి కిందికా అని అడిగా. ఎవరు చెప్పారమ్మా నీకు అని నవ్వారు. నా పై పళ్ళు మాట్లాడేటప్పుడు కనపడటం సరిపోయినంతే ఉందట, వాటిని ముట్టుకోరట. కిందవే దించుతారు, వెనకవి కొద్దిగా పైకొస్తాయి. తర్వాత రబ్బర్లు, తిండికి తప్ప రోజంతా. కాల్స్‌లో మాట పట్టేస్తుందేమో అంటే మొదట్లో కొంచెం ఇబ్బంది ఉంటుంది, తర్వాత నువ్వే మరిచిపోతావు అన్నారు.

ఇక ఫోటోల సంగతి ఉంది. అమ్మకి ఏం చెప్పాలి?

వైరు బెండింగ్
శనివారం రాత్రి 8:30

మీ డాక్టరుగారు మంచి పనితనం ఉన్నవారు, అడిగినదానికి విసుక్కోలేదు కూడా.

ఫోటోలకి అంత ఇబ్బందేం లేదు. సెరామిక్ బ్రాకెట్లు కెమెరాలో పెద్దగా తెలియవు. తెలిసేది వాటి చుట్టూ వేసే పారదర్శకపు చిన్న రబ్బరు రింగులు. పసుపు తగిలితే అవి రెండు రోజుల్లో పచ్చబడతాయి, సాంబారు, పప్పు, కూర దేనికీ మినహాయింపు లేదు. ఫోటోలకి ముందు రోజు అపాయింట్‌మెంటు పెట్టుకోండి, రింగులన్నీ కొత్తవి వేస్తారు. ఆ రాత్రి పసుపు లేని పెరుగన్నమే. ఆ కాసేపు రబ్బర్లు తీసేసి, ఫోటోలవగానే పెట్టేసుకోండి. పెళ్ళి దాకా వచ్చి ఇంకా పూర్తి కాకపోతే ఆ వారానికి పై ముందు బ్రాకెట్లు తీసి మళ్ళీ అతికించే పద్ధతి కూడా ఉంది. ముందే చెప్పాలి, పళ్ళు జరగకుండా ట్రే వేయాలి. అదనపు ఖర్చు ఉంటుంది.

కుందలహళ్ళి గేటు
శనివారం రాత్రి 10:20

అమ్మతో మాట్లాడా. అంగిట్లో గుంటల సంగతి ఇన్నేళ్ళుగా నాకెందుకు చెప్పలేదని నా మీదే తిట్లు. ఫోటోలు వచ్చే నెల. అప్పటిదాకా ఆవకాయ టెంక చప్పరించకూడదని డాక్టరుగారు చెప్పారని నేనన్నాను. అది మాత్రం నమ్మలేదు, కావాలంటే ముక్క పిండి కలుపుకో అంది.

వేళచేరి వాసి
శనివారం రాత్రి 10:31

టెంక కొరికితే బ్రాకెట్ ఊడుతుంది, నిజమే. నాకు జంతికలతో ఊడింది.

రాజోలు కాలవగట్టు
ఆదివారం ఉదయం 8:00

పాపకి అపాయింట్‌మెంటు తీసుకున్నామండి, వచ్చే గురువారం. మా వారు కూడా వస్తానన్నారు. అత్తగారు ఇంకా మాట్లాడట్లేదు.

అనంతపురం ఎక్స్‌ప్రెస్
ఆదివారం ఉదయం 9:10

డాక్టర్ సార్, సిగ్గుతో అడుగుతాండా. బీరువాలో రిటైనర్ తీసినా. దుమ్ము పట్టి ఉంటే వేడినీళ్ళలో వేసి కడిగినా. ఇప్పుడు పెట్టుకుంటే ఒక పక్క లేస్తాంది. నొక్కి పెట్టుకుంటే సరిపోతుందా?

వైరు బెండింగ్
ఆదివారం ఉదయం 9:22

నొక్కకండి. ఆ ప్లాస్టిక్ వేడికి వంగిపోతుంది, అందుకే లేస్తోంది. చల్లటి నీళ్ళు, మెత్తటి బ్రష్షు, అంతే, పేస్టు కూడా గీతలు పెడుతుంది. ఎన్నాళ్ళనుంచి బీరువాలో ఉందో గానీ పళ్ళు కూడా కొంచెం జరిగి ఉండొచ్చు. రేపే వెళ్ళి కొత్త స్కాన్ తీయించి కొత్తది చేయించుకోండి. ఆలస్యమయ్యేకొద్దీ రిటైనర్‌తో సరిపోయే పని మళ్ళీ అలైనర్ల దాకా పోతుంది.

అనంతపురం ఎక్స్‌ప్రెస్
ఆదివారం ఉదయం 9:25

రేపు ఆఫీసులో రిలీజు ఉండాది సార్. మంగళవారం పోతా.

నిజాంపేట టు నాగవార
ఆదివారం ఉదయం 9:26

మంగళవారం నేనే ఫోన్ చేస్తా నీకు.